సికిల్ సెల్ జన్యువు తరతరాలుగా ఎందుకు పోలేదు? ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే పెళ్లి చేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు ప్రాంతం. నా వయసు 27 సంవత్సరాలు. మా మేనమామ కూతురితో పెళ్లి నిశ్చయమైంది. ఇటీవల మా ఊళ్లో జరిగిన రక్తపరీక్షల శిబిరంలో మా ఇద్దరికీ సికిల్ సెల్ ట్రెయిట్ (ఏఎస్) ఉన్నట్టు తేలింది. మాకు ఏ అనారోగ్యమూ లేదు. అయినా ఇది వంశదోషమని కొందరు పెద్దలు అంటున్నారు. నేను బీఎస్సీలో జీవశాస్త్రం చదివాను. హాని చేసే లక్షణాలను ప్రకృతి వరణం తొలగిస్తుందంటారు కదా, మరి ఈ జన్యువు ఇన్ని తరాలుగా ఎందుకు పోలేదు? మలేరియాను తట్టుకోవడానికి మా పూర్వీకుల శరీరమే ఇలా మారిందని ఒకచోట చదివాను. అది నిజమేనా? మేం పెళ్లి చేసుకోవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. ట్రెయిట్ అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే రెండు జన్యువుల్లో ఒక్కటే సికిల్ సెల్‌ది కావడం. అది జబ్బు కాదు, వంశదోషం అంతకన్నా కాదు. మీ పూర్వీకుల్లో ఎంతోమంది బిడ్డలు పసితనంలోనే మలేరియాకు బలికాకుండా బతికి బయటపడటానికి ఈ జన్యువు తోడ్పడింది. అయితే మీరు చదివిన వాక్యంలో ఒక సవరణ అవసరం. మలేరియాను తట్టుకోవడానికని ఎవరి శరీరమూ మారలేదు.

మన ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనేది ఒక భాగం. అందులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉండటమే సికిల్ సెల్‌కు మూలమని 1950ల రెండో సగంలో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్ నిరూపించారు. డీఎన్ఏలో ఒకే ఒక అక్షరం మారడం వల్ల ఇది జరుగుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ జన్యువే వచ్చినవారిలో (ఎస్ఎస్) హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలాక కడ్డీలుగా పేరుకుంటుంది, కణం కొడవలిలా (సికిల్) వంగి బిరుసెక్కి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. మామూలుగా 120 రోజులు బతికే కణం వీరిలో రెండు మూడు వారాలకు మించి నిలవదు. మీ ఇద్దరిలో ఒక్క జన్యువే అలాంటిది. హీమోగ్లోబిన్‌లో సగానికి పైగా మామూలుదే కాబట్టి రోజువారీ జీవితంలో మీ కణాలు వంగిపోవు.

ఈ ఉత్పరివర్తనం, అంటే డీఎన్ఏలోని ఈ మార్పు, యాదృచ్ఛికంగా జరిగింది. అవసరం వచ్చిందని జన్యువు మారదు. జ్వరంతో ఎంత బాధపడినా ఆ అనుభవం బిడ్డల డీఎన్ఏలోకి ఎక్కదు. కాకతాళీయంగా పుట్టిన మార్పుల్లో ఏది నిలవాలో, ఏది చెదిరిపోవాలో పరిసరాలే నిర్ణయిస్తాయి, అంటే ఆ మార్పు ఉన్నవారు లేనివారికంటే ఎక్కువమంది బతికి పిల్లల్ని కన్నారా లేదా అన్నదే లెక్క. ప్రకృతి వరణం అంటే ఇంతే. అందులో ఉద్దేశమూ ముందుచూపూ ఉండవు.

ఈ జన్యువు విషయంలో ఆ పరిసరం మలేరియా. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 1949లో, తలసీమియా (హీమోగ్లోబిన్ సరిగా తయారు కాని మరో వంశపారంపర్య రక్త జబ్బు) జన్యువు మధ్యధరా ప్రాంతంలో అంతగా నిలిచి ఉండటానికి మలేరియా కారణం కావచ్చని జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ సూచించారు. (ఆయన తరువాతి కాలంలో భారత పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు.) అదే సంవత్సరం కెన్యాలో ఆంథొనీ ఆలిసన్ అనే యువ పరిశోధకుడు, సముద్రతీరంలోనూ విక్టోరియా సరస్సు చుట్టుపక్కలా సికిల్ ట్రెయిట్ ఎక్కువగానూ, మలేరియా లేని ఎత్తయిన ప్రాంతాల్లో తక్కువగానూ ఉండటం గమనించారు. ట్రెయిట్ ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆయన ఆధారాలతో ప్రకటించారు. తరువాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మలేరియాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం ప్రాణాంతకంగా మారే ముప్పు ట్రెయిట్ ఉన్నవారిలో దాదాపు 90 శాతం తక్కువ. కణంలోకి చొరబడిన పరాన్నజీవి ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట సరిగా పెరగలేదు. పైగా అది చేరిన కణమే త్వరగా వంగిపోవడంతో ప్లీహం దాన్ని గుర్తించి తొలగిస్తుంది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కునే శక్తి కూడా ఆ కణాలకు తగ్గుతుంది.

మరి ఎస్ఎస్ పిల్లలు చనిపోతున్నా జన్యువు ఎలా నిలిచింది? ఇదే మీ అసలు ప్రశ్న కాబట్టి ఒక ఊహాజనితమైన ఊరిని తీసుకుని లెక్క వేసి చూపిస్తాను. ఆ ఊళ్లో 100 మంది పిల్లలు పుట్టారు, జన్యువుల్లో పదింట ఒకటి సికిల్‌ది అనుకుందాం. అప్పుడు సగటున 81 మంది మామూలు పిల్లలు (ఏఏ), 18 మంది ట్రెయిట్ పిల్లలు (ఏఎస్), ఒకరు జబ్బు ఉన్న బిడ్డ (ఎస్ఎస్) ఉంటారు. ఆ పాతకాలంలో వైద్యం లేక ఎస్ఎస్ బిడ్డ చనిపోయింది, మలేరియా వల్ల ఏఏ పిల్లల్లో 9 మంది చనిపోయారు, ట్రెయిట్ పిల్లలు 18 మందీ బతికారు. మొదట 180 మామూలు జన్యువులకు 20 సికిల్ జన్యువులు ఉండేవి. ఇప్పుడు 162కు 18 మిగిలాయి. మొదటి నిష్పత్తీ తొమ్మిదికి ఒకటే, రెండోదీ తొమ్మిదికి ఒకటే. మలేరియా అంతకంటే ఎక్కువమందిని చంపితే సికిల్ జన్యువు పెరుగుతుంది, తక్కువమందిని చంపితే తగ్గుతుంది. మలేరియా లేని చోట తరతరానికీ తగ్గుతూ పోతుంది. అంటే ప్రకృతి వరణం ఇక్కడ విఫలం కాలేదు. ఒక ఇంట్లో బిడ్డ మరణానికి కారణమైన జన్యువే పక్క ఇళ్లలో పిల్లల్ని కాపాడటం వల్ల, పూర్తిగా పోకుండానూ ఊరంతా వ్యాపించకుండానూ ఆగింది. ఈ లెక్కలోని క్రూరత్వం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది, అయినా జరిగింది ఇదే.

మన దేశంలో ఈ జన్యువును 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో లేమన్, కట్‌బుష్ గుర్తించారు. ఆ తర్వాత గుజరాత్ నుంచి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా మన ఏజెన్సీ ప్రాంతాల దాకా, మన్యం జ్వరాలు తరతరాలుగా పీడించిన అడవి ప్రాంతాల్లోనే ఇది ఎక్కువగా కనిపించింది. ఇక్కడి జన్యువు చుట్టూ ఉన్న డీఎన్ఏ వరస ఆఫ్రికాలోని వరసలకు భిన్నంగా ఉంటుంది. అందుచేత ఇది ఇక్కడ విడిగా పుట్టిందని చాలాకాలంగా భావిస్తూ వచ్చారు. ఒకే చోట పుట్టి అంతటికీ పాకిందన్న వాదన కూడా ఇటీవల బలంగా వినిపిస్తోంది. ఈశాన్య రాష్ట్రాల్లో హీమోగ్లోబిన్-ఇ, ఇంకా అనేక చోట్ల తలసీమియా, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) లోపం, ఇవన్నీ ఇదే మలేరియా ఒత్తిడికి నిలిచిన వేర్వేరు మార్పులు. ఏ సమూహంలో ఏ మార్పు ముందుగా పుట్టిందో దానినే వరణం నిలబెట్టింది, అంతకంటే మెరుగైనది వచ్చేదాకా ఆగలేదు. అనుకూలనం అంటే పరిపూర్ణత అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఇక పెళ్లి విషయం. మీ ఇద్దరికీ ట్రెయిట్ ఉంది కాబట్టి ప్రతి గర్భంలోనూ బిడ్డకు సికిల్ సెల్ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, మీలాగే ట్రెయిట్ వచ్చే అవకాశం 50 శాతం, రెండూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదన్న లెక్క తప్పు. ప్రతిసారీ అదే 25 శాతం. మేనరికంలో ఒకే పూర్వీకుడి జన్యువు ఇద్దరికీ చేరే అవకాశం ఎక్కువ. పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది మీరిద్దరూ తీసుకోవలసిన నిర్ణయం. ఆ అమ్మాయికి ఈ వివరాలన్నీ మీకు తెలిసినంతగా తెలియాలి, పెద్దల మధ్య మాటగా మిగిలిపోకూడదు. ముందుగా ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ (రక్తంలోని హీమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే) పరీక్షతో ఫలితాన్ని నిర్ధారించుకోండి, ఎందుకంటే శిబిరాల్లో తరచుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కదానితో ట్రెయిట్‌నూ జబ్బునూ వేరు చేయలేం. పెళ్లి చేసుకుంటే, గర్భం దాల్చిన వెంటనే జన్యు సలహా కేంద్రానికి వెళ్లండి. సాధారణంగా పది వారాలు దాటాక మావి నుంచి చిన్న నమూనా తీసి బిడ్డ పరిస్థితి తెలుసుకోవచ్చు.

జబ్బుతో పుట్టిన బిడ్డ కూడా ఇప్పుడు పాత లెక్కలోని బిడ్డ కాదు. పుట్టగానే గుర్తించి, పెన్సిలిన్, న్యుమోకోకల్ టీకాలు, హైడ్రాక్సీయూరియా అనే మందు సమయానికి ఇస్తే నొప్పులూ ఇన్ఫెక్షన్లూ బాగా తగ్గుతాయి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి, కనుక పరీక్షలకూ మందులకూ మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నే అడగండి.

మీ ఇద్దరి ఆరోగ్యం గురించి రెండు జాగ్రత్తలు. మండే ఎండలో నీళ్లు తాగకుండా విపరీతమైన శ్రమ చేయకండి, మూత్రంలో రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోండి. రెండోది, ట్రెయిట్ ఉంది కదా అని మలేరియాను తేలిగ్గా తీసుకోకండి. మీకూ మలేరియా వస్తుంది, తీవ్రత తక్కువ కావచ్చు, అంతే. చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకుని మందులు పూర్తి కోర్సు వాడండి. సగంలో ఆపితే మందును కొంత తట్టుకోగల పరాన్నజీవులే బతికి, దోమల ద్వారా ఊళ్లోకి వ్యాపిస్తాయి. క్లోరోక్విన్ అనే మలేరియా మందును తట్టుకునే ఫాల్సిపారం ఈ వరణం వల్లే కొన్ని దశాబ్దాల్లోనే మన దేశంలో విస్తరించింది. ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఇస్తే మాత్రం అంతకు ముందు జీ6పీడీ పరీక్ష గురించి డాక్టరును తప్పక అడగండి. ఆ లోపం ఉన్నవారిలో ఈ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది.