కన్సోలా, పీసీయా: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిన్నా,

ఇంజనీరింగ్ సీటు వచ్చినందుకు ముందుగా నా ఆశీస్సులు. బావ డెబ్బై వేలు ఇస్తానన్నారనీ, పీఎస్5 (టీవీకి తగిలించి ఆడే సోనీ కన్సోల్) కొనాలా గేమింగ్ పీసీ కొనాలా తేల్చుకోలేక నువ్వు రాత్రింబవళ్ళు వీడియోలు చూస్తున్నావనీ అక్క చెప్పింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సిస్టమ్స్ అసెంబుల్ చేస్తూ, కన్సోళ్ళు అమ్ముతూ ఏళ్ళు గడిపాను. షాపు వదిలేసినా ఆ లోకం మీద ఇష్టం పోలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

రెండింట్లో ఏది గొప్పదన్న ప్రశ్న పక్కన పెట్టు. ఒక కాగితం తీసుకుని, వచ్చే రెండేళ్ళలో నువ్వు నిజంగా ఆడబోయే ఆటల పేర్లు రాయి. పక్కనే నీ స్నేహితులు ఏం ఆడుతున్నారో, దేని మీద ఆడుతున్నారో రాయి. సగం నిర్ణయం ఆ కాగితం మీదే తేలిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 కన్సోల్‌లో లేవు. వాలరెంట్ 2024లో పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ వచ్చింది కానీ అక్కడ కంట్రోలర్‌తోనే ఆడాలి. పైగా కన్సోల్ వాళ్ళు కన్సోల్ వాళ్ళతోనే ఆడాలి. పీసీలో ఉన్న నీ గ్యాంగ్‌తో కలిసి ఒకే మ్యాచ్‌లోకి వెళ్ళలేవు. ఈ సంగతి తెలియకుండా పీఎస్5 కొనుక్కెళ్ళి, వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంటారా అని అడిగిన కుర్రాళ్ళు ఉన్నారు.

కథ ఉన్న పెద్ద ఆటల విషయంలో లెక్క తిరగబడుతుంది. జీటీఏ 5 కన్సోళ్ళకు 2013 సెప్టెంబరులో వచ్చింది, పీసీకి వచ్చేసరికి 2015 ఏప్రిల్ అయింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కూడా పీసీకి ఏడాది ఆలస్యంగానే వచ్చింది. జీటీఏ 6ను ప్రకటించింది కూడా పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే. సోనీ వాళ్ళ గాడ్ ఆఫ్ వార్ పీసీ మీదకు రావడానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. విడుదలైన రోజే ఆడకపోతే నిద్ర పట్టని మనిషివైతే కన్సోల్ తప్పదు. ఆగగలిగితే మాత్రం ఆలస్యంగా వచ్చిన ఆట తక్కువ ధరకు దొరుకుతుంది.

ఇక డబ్బు. అందరూ కొనే రోజు ధరే చూస్తారు. నువ్వు డిగ్రీ అయ్యేవరకు, అంటే నాలుగేళ్ళ ఖర్చు చూడు. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో డిస్క్ ఎడిషన్ 49,990 రూపాయలకు మొదలైంది. మామూలుగా కన్సోల్ ధర ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. దీనిది మాత్రం 2022 నవంబరులో 54,990 అయింది. అయినా అంత డబ్బుకు అంత పనిచేసే పీసీ తయారు కాదు, అది ఒప్పుకోవాల్సిందే. అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. కొత్త పెద్ద గేమ్ డిస్క్ అయిదు వేల దాకా ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న గేమ్‌ను కూడా ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే సభ్యత్వం కట్టాలి, ఏడాదికి నాలుగు వేల చుట్టూ అవుతుంది. ఉచిత ఆటలకు అది అక్కర్లేదు. పీసీలో ఆన్‌లైన్‌కు విడిగా కట్టేదేమీ లేదు. పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో ధరలు రూపాయల్లో ఉంటాయి, ఎండాకాలం సేల్‌లో, డిసెంబరు సేల్‌లో పాత పెద్ద ఆటలు పావు ధరకు కూడా దొరుకుతాయి. ఎపిక్ స్టోర్ వాళ్ళు ఆటలు ఉచితంగా ఇస్తూనే ఉంటారు. 2020 మేలో జీటీఏ 5నే ఇచ్చారు.

డిస్కుకు ఒక మేలుంది, అది నాకు చాలా ఇష్టం కూడా. ఆడటం అయిపోయాక అమ్మేయొచ్చు, ఫ్రెండ్‌తో మార్చుకోవచ్చు. స్టీమ్‌లో కొన్నది ఎవరికీ అమ్మలేవు. అందుకే కన్సోల్ వైపే మొగ్గితే నాలుగైదు వేలో, పది వేలో మిగులుతుందని డిస్కు డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ తీసుకోకు. రెండు మూడు గేములకే ఆ మిగులు కరిగిపోతుంది.

నీ సంగతి చూస్తే, కాలేజీకి ఇంటి నుంచే వెళ్తావు, నీ ఫ్రెండ్స్ అందరూ వాలరెంట్ మీదే ఉన్నారు, రేపు కాలేజీలో కోడింగ్‌కు ఎలాగూ సిస్టమ్ కావాలి. నేనైతే నీకు డెస్క్‌టాప్ పీసీయే చెప్తాను. కన్సోల్ కొంటే ఆర్నెల్ల తర్వాత బావ దగ్గర మళ్ళీ ల్యాప్‌టాప్‌కు చెయ్యి చాచాలి. నాకు నచ్చని మాట అదొక్కటే. మీ చెల్లి కూడా ఆడతానంటోందట కదా, ఒక మంచి కంట్రోలర్ కొను. పీసీకి తగిలిస్తే ఫుట్‌బాల్ గేములు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడుకోవచ్చు.

గేమింగ్ ల్యాప్‌టాప్ వద్దు. హాస్టల్లో ఉండేవాడికి వేరే దారి లేక చెప్తాం కానీ నీకు ఆ అవసరం లేదు. ల్యాప్‌టాప్‌లలో ఒకే ఆర్‌టీఎక్స్ 4060 అనే గ్రాఫిక్స్ చిప్ పేరు మీద 35 వాట్ల చిప్పూ ఉంటుంది, 115 వాట్ల చిప్పూ ఉంటుంది. పేరు ఒక్కటే, ఆట నడిచే తీరు వేరు. కొన్నాక గ్రాఫిక్స్ కార్డు మార్చడానికీ ఉండదు. డెస్క్‌టాప్‌లో ఒక్కో పార్టు విడిగా మార్చుకోవచ్చు. 2017లో ఏఎండీ ప్రాసెసర్లకు సరిపోయే ఏఎం4 మదర్‌బోర్డు కొన్నవాళ్ళలో చాలామంది బయోస్ (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన ప్రాసెసర్ పెట్టుకున్నారు.

షాపులో కొటేషన్ తీసుకునేటప్పుడు జాగ్రత్తగా చూడు. మోసం జరిగేది ఎక్కువగా సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గరే. ప్రాసెసర్ పేరు, కార్డు పేరు వివరంగా రాసి, కింద 'ఎస్‌ఎంపీఎస్ 500 వాట్స్' అని ఊరుకుంటారు. కంపెనీ పేరు, మోడల్ నంబరు, కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ రేటింగ్ రాయమను. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. ర్యామ్ 16 జీబీ అని ఉంటే ఒకే స్టిక్కా, 8 జీబీవి రెండా అడుగు. రెండు ఉంటే ఆట నునుపుగా నడుస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి అక్కడ కోత పెట్టాలని చూస్తారు. మానిటర్ కూడా ఈ డెబ్బై వేలలోనే రావాలంటే కార్డుకు పాతిక, ముప్పై వేలకు మించి మిగలదు. 1080పీకి, అంటే ఫుల్ హెచ్‌డీ తెరకు అది చాలు, 4కే ఊసెత్తకు.

సెకండ్ హ్యాండ్ కార్డు చవగ్గా ఉందని ఎవరైనా అంటే వాడుతుండగా కళ్ళారా చూడందే కొనకు. ఎథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో పగలూ రాత్రీ నలిగిన కార్డులు, ఆ మైనింగ్ ఆగిపోయిన 2022 సెప్టెంబరు తర్వాత మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. తుడిచి పెట్టెలో పెడితే కొత్తవాటిలాగే ఉంటాయి. అరగంట గేమ్ నడిపించమను, ఫ్యాన్ శబ్దం విను.

సిస్టమ్ ఇంటికి వచ్చాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చూడు. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60 మీదే నెలల తరబడి ఆడినవాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళి మార్చి వచ్చాను. వాలరెంట్‌కు విండోస్ 11లో సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా సెట్టింగులు ఆన్‌లో ఉండాలి, షాపులోనే చేయించుకో. వైఫై కాకుండా రౌటర్ నుంచి లాన్ వైరు లాగించు, పింగ్ (సర్వర్ నుంచి జవాబు వచ్చే సమయం) నిలకడగా ఉంటుంది.

రాజమండ్రి ఎండాకాలం కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో లేకపోతే కరెంటు పోగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. విడిగా యూపీఎస్ కొనేట్టయితే 600 వీఏ సరిపోదు, 1000 వీఏ తీసుకో.

ఇదంతా విన్నాక కూడా నీ మనసు జీటీఏ 6 మీదే ఉంటే కన్సోల్ కొనుక్కో, తప్పు లేదు. పెట్టుకున్న రోజు నుంచే ఆడొచ్చు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ల గొడవ లేదు. టీవీలో గేమ్ మోడ్ మాత్రం ఆన్ చెయ్యి, లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీద మనిషి కదలడు. మొదటి పీఎస్5లో 825 జీబీ అని ఉన్నా గేములకు మిగిలేది 667 జీబీయే, పెద్ద ఆటలు ఒక్కోటి వంద జీబీ తింటాయి. 30 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో వంద జీబీ దిగడానికి ఏడు గంటలు పైనే పడుతుంది, రాత్రి పెట్టి పడుకో. అమెరికా నుంచి పెద్దన్నయ్య తెస్తానంటే మాత్రం ఆలోచించు. మన 230 వోల్టుల మీద అది పనిచేస్తుంది, డిస్కులూ నడుస్తాయి. కానీ పాడైతే ఇక్కడ వారంటీ ఉండదు.

ఆటల పేర్ల కాగితం ఫోటో తీసి ఈ ఆదివారంలోపు నాకు పంపు. తర్వాత కనీసం రెండు షాపుల్లో కొటేషన్ రాయించుకో. అడ్వాన్స్ కట్టకముందే అవీ వాట్సాప్‌లో పెట్టు, ఒక్కో లైను చూసి చెప్తాను. అక్కకూ బావకూ నా నమస్కారాలు.

ఇట్లు,
మామయ్య