సేవకు బయలుదేరుతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు. ప్రభువైన యేసుక్రీస్తు నామమున శుభములు.

నీవూ మీ సంఘపు యవ్వనస్థులూ కలిసి ఏటూరునాగారం దగ్గరి పల్లెలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం బీపీ, షుగరు పరీక్షలు చేసి, పిల్లలకు చదువు చెప్పాలని నిశ్చయించుకున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంతో గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందుగా సర్పంచికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ చెప్పి, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని వెళ్లండి. బీపీ ఎక్కువగా ఉన్నవారిని ఆసుపత్రికి పంపడం వరకే మీ పని; మందులు మీరు ఇవ్వవద్దు.

నా భయం వేరే ఉంది. 1986 ఆగస్టులో గోదావరి పొంగి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరినప్పుడు ఏటి ఒడ్డు పల్లెలెన్నో మునిగాయి. అప్పుడు ఒక సహాయ సంస్థ లారీలో బియ్యమూ దుప్పట్లూ తెస్తే, దింపడానికి నేనూ వెళ్లాను. ఆ సంస్థ పెద్దలు ముందు విశ్వాసుల పేర్లు పిలిచి, మిగిలినవారిని ప్రార్థన కూటం ముగిసేదాకా కూర్చోమన్నారు. కూటం ముగిసేసరికి బియ్యం అయిపోయింది. గుడిసె కొట్టుకుపోయిన ఒక ముసలమ్మ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకొని, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. మరునాటికి లారీ వెళ్లిపోయింది, మన విశ్వాసులు మాత్రం ఆ ఊళ్లోనే బ్రతకాలి కదా! ఒకరి పొలంలో ఒకరు నాట్లు వేసుకునే ఇళ్ల మధ్య మాటలు తెగిపోయాయి. తరువాత సంఘం తరఫున ఎవరు జ్వరం మందుతో వెళ్లినా, "ఏం రాసుకోవడానికి వచ్చిన్రు?" అని వాకిట్లోనే ఆపేవారు. ఆ బియ్యం ఎన్నాళ్లు వచ్చిందో గాని, ఆ అనుమానం తీరడానికి ఏళ్లు పట్టింది.

అందుచేత పేరు రాసుకునే పుస్తకంలో మతం గడి పెట్టవద్దు. యేసు చెప్పిన ఉపమానంలో, గాయపడి దారిలో పడి ఉన్నవాణ్ణి సమరయుడు నీది ఏ ఊరని అడగలేదు. బబులోనులో చెరలో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం బైబిల్లో చదువు; తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. అయితే నీవెందుకు వస్తున్నావని ఎవరైనా అడిగితే, యేసు పేరు దాచవద్దు. అది నీ సొత్తు, ఎరగా వాడవలసినది కాదు.

1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలసిన కథ నీకు తెలుసు. ఇసబెల్ కెర్ అనే వైద్యురాలూ ఆమె భర్తా మెథడిస్టు మిషనరీలు. దానికి విరాళమిచ్చిన రాజా నర్సా గౌడ్ హిందువు. సొంతవారే దూరం పెట్టిన రోగులను చేరదీసిన చేతులను చూసి ఊరివారే తోడు వస్తారని, ఆ ఆసుపత్రిని తలచుకున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది. మీ పనిలోనూ అన్ని వాడల యువకులను కలుపుకోండి.

ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతారట! రోగి ముఖాన్ని నలుగురికీ చూపించే హక్కు మీకెవరిచ్చారమ్మా? ఆ ఒక్క పని మానుకోండి. కానుకల డబ్బుకు రసీదు రాయండి, లెక్కపై ఇద్దరు సంతకం చేయండి. వస్తామన్న ఆదివారం తప్పక వెళ్లండి, ఎందుకంటే నీతి అనే మాటను ఆ పల్లె మీ ప్రసంగంలో కంటే ముందు మీ సమయపాలనలోనూ చిల్లర లెక్కలోనూ చూస్తుంది.

కోప్పడ్డానని బాధపడకు. చిన్నప్పుడు నా వేలు పట్టుకొని గుడికి నడిచిన పిల్లవు, ఇంత పెద్ద బరువెత్తుకుంటున్నావు. పస్రా, తాడ్వాయి మీదుగా వెళ్లేది అడవి దారి కనుక చీకటి పడకముందే తిరిగి బయలుదేరు. మొదటి నెల లెక్కల పుస్తకం నాకు పంపు, చూసి పంపుతాను.

నీ తాతయ్య
హనుమకొండ