వాగు దగ్గర అడ్డదారి వద్దు

చిరంజీవి అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్లాక వచ్చే ఆదివారం మీ ఆఫీసు స్నేహితులను తీసుకొచ్చి మన చెరువు చుట్టూ నడిపిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెన్నైలో పుట్టి పెరిగిన పిల్లకు మన చెరువు మీద మనసు పోవడమే నాకు పెద్ద పండుగ. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

మొదట కంభం చెరువు అనుకున్నారట. దాన్ని తప్పకుండా చూడాలి. రాయల కాలంలో రెండు కొండల సందున గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలోకి ఎక్కింది. అయితే కట్ట పొడవు తక్కువ, నీళ్లు పరుచుకున్న మేర చాలా పెద్దది. చుట్టూ తిరగడం ఒక పూటలో తెమిలే పని కాదు. మన చెరువైతే తెల్లవారుతూనే బయలుదేరి ఎండ ముదిరేలోగా ఇంటికి చేరవచ్చు. దారిలో ఎత్తుపల్లాలు లేవు.

టోపీ, నీళ్లసీసా, కాళ్లకు బూట్లు, చేతికో కర్ర ఉండాలి. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును చీల్చుకుని పాదంలో దిగుతుంది. ఎండుగడ్డిలో కాలు పెట్టేముందు కర్రతో తట్టండి. రక్తపింజరి అలికిడి విన్నా చోటు వదలదు.

చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే కలుజు దగ్గర మొదలుపెట్టండి. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. చివర్లో తుపాను వస్తే సంక్రాంతికి కూడా నీళ్లు పొర్లుతూనే ఉంటాయి. పాదం మునిగేంత నీళ్లేగా అని ఒక్కరు కూడా దాటకూడదు. ఆ రాళ్ల మీది పాచికి బూటూ ఒకటే, వట్టికాలూ ఒకటే. పారుతుంటే ఆ పూటకు కట్ట మీద నడిచి వచ్చేయండి. పారకపోతే చెరువు కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణంగా సాగండి. అప్పుడు పొద్దుటెండ వీపున పడుతుంది, నీళ్ల మీది గూడబాతులు కళ్లు చికిలించకుండా కనిపిస్తాయి. అవి వరుసగా ఈదుతూ ముక్కులన్నీ ఒక్కసారే నీళ్లలో ముంచుతాయి. ఇన్నేళ్లు లస్కరుగా తూము తలుపులు ఎత్తి దించిన నేను ఇప్పటికీ అది చూస్తూ నిలబడిపోతాను.

ఇక వాగు సంగతి. పడమటి వైపు వాగు చెరువులో కలిసేచోట నీళ్లు వెనక్కి తగ్గి నేల బయటపడి ఉంటుంది. పైన బాగా ఎండి, నెర్రెలు విచ్చి, గట్టిగా కనిపిస్తుంది. అవతలి ఒడ్డు పిలిస్తే పలికేంత దూరం. వాగు దాటడానికి కట్టిన చప్టా దాకా వెళ్లి తిరిగి రావాలంటే అరగంట ఎక్కువ పడుతుంది. అక్కడే మనిషికి ఆశ పుడుతుంది.

మీ నాన్నకూ అలాగే పుట్టింది. ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. డిగ్రీ చదువుతూ పండక్కి వచ్చాడు. అవతలి ఊరి తిరునాళ్లకు పొద్దుగూకేలోగా చేరాలని కొత్త ప్యాంటు వేసుకుని ఆ నేల మీద పడ్డాడు. నాలుగడుగులు బాగానే నడిచాడట. అయిదో అడుగుకు పైపెచ్చు విరిగింది. వాగు తెచ్చిన ఒండ్రు ఏళ్ల తరబడి అక్కడే పేరుకుని ఉంటుంది, ఎండ దాని పైపొరనే ఆరబెడుతుంది. ఒక కాలు లాక్కోవాలని రెండో కాలు మీద బలం వేశాడు, అదీ దిగింది. తన్నుకున్నకొద్దీ తొడల దాకా పోయాడు. గేదెలు కాసే పిల్లవాడు పరుగెత్తుకొచ్చి చెప్తే నేను తూము దగ్గరి నుంచి ఎలా వెళ్లానో నాకు తెలియదు. తాటిమట్టలు పరిచి, వాటి మీద బోర్లా పడుకుని, నా పంచె విప్పి విసిరాను. లాగితే రాలేదు. వెనక్కి వాలి పడుకోరా, కాలిని మెల్లగా ఆడించరా అని అరుస్తూనే ఉన్నాను. ఆడించేకొద్దీ సందులోకి నీరు చేరి బురద వదులైంది. వాడు బయటపడేసరికి చీకటి పడింది. పంచె కొంగు పట్టుకున్న పిడికిలి ఇంటికొచ్చినా విప్పలేదు. నేనే ఒక్కొక్క వేలూ తీశాను. మా అమ్మకు చెప్పొద్దని వాడు కాళ్లు పట్టుకున్నాడు. ఆమె పోయేదాకా చెప్పలేదు.

కాబట్టి చప్టా మీదుగానే వెళ్లాలి. మీ స్నేహితుల్లో ఎవరైనా ఫోను చూపించి దగ్గరి దారి ఉందంటే, మా పెదనాన్న ఒప్పుకోడని చెప్పు. గేదెల గిట్టల గుర్తులు లేని నేల మీద మీరూ కాలు పెట్టవద్దు.

ఉత్తరం ఒడ్డున మట్టి కోసం జేసీబీలతో తవ్విన గుంటలున్నాయి. నీళ్లు నిండితే వాటి అంచు తెలియదు, మోకాలి లోతు నుంచి ఒక్కసారిగా నిలువులోతుకు పడిపోతుంది. ఫోటోల కోసమైనా ఎవరూ దిగకండి. ఇలాంటి గుంటల్లో పిల్లలు పోయిన వార్త పేపర్లో చూసినప్పుడల్లా నాకు అన్నం సయించదు. కట్ట ఎక్కాక మరి భయం లేదు, తూము ముందు మాత్రం కాళ్లు కడుక్కోవద్దు. తలుపు ఎత్తి ఉంటే పైన కదలిక కనిపించదు, లోపల లాగేస్తూ ఉంటుంది.

ఇన్ని భయాలు చెప్పానని రావడం మానకు తల్లీ. మోకాళ్ల నొప్పితో నేను మీతో తిరగలేను, చప్టా దగ్గర మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కలుజు పారుతోందో లేదో శుక్రవారం చూసి ఫోను చేస్తాను. మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది. ఎంతమంది వస్తారో, అందులో చేపలు తిననివాళ్లు ఎందరో ముందే చెప్పు.

మీ పెదనాన్న