పార్కిన్సన్స్ అన్నారని కుంగిపోకు, ముందు ఆ మాత్రల సంచి విప్పు

బాబూ, నిన్న రాత్రి నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదురా, ఫోన్లో అన్నీ చెప్పలేక ఇలా రాస్తన్నాను, నిదానంగా చదువు. మీ నాన్నకి పార్కిన్సన్స్, అంటే చేతులు వణికి ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు అన్నారు, మీ అమ్మ ఏడుస్తంది, నువ్వేమో నమ్మాలా వద్దా అంటున్నావు. అనుమానం రావడం తప్పేటి కాదు, ఆ డాక్టర్ని అవమానించినట్టూ కాదు. మామూలు రక్తపరీక్షతో తేలే జబ్బు కాదది, తలకి తీసే ఎమ్మారై స్కాన్ కూడా చాలామందికి బాగానే వస్తాది, డాక్టరు చెయ్యి వంచి చూసి నడిపించి చూసి చెప్పాల్సిందే. అలాంటప్పుడు అనుభవమున్న ఇంకొకరు కూడా చూడాలనుకోవడం న్యాయమే.

మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా తెలీదు, నువ్వప్పుడు ఇంటర్లో ఉన్నావు. కుర్చీలో ఊరికే కూర్చున్నా రెండు చేతులూ ఒళ్లో వణికేవి, మొహంలో నవ్వు పోయింది, పెన్షన్ డబ్బులకి బ్యాంకుకెళ్తే సంతకం చీమలబారులా చిన్నదైపోయి కలవట్లేదని రెండుసార్లు వెనక్కి పంపించీసారు. ఒక డాక్టరు పది నిమిషాలు చూసి పార్కిన్సన్స్ అని రాసిచ్చారు, ఎనిమిది నెలలు మాత్రలు మింగినా గుణం లేదు. అప్పుడు వైజాగ్‌లో ఒక న్యూరాలజిస్టు, అదే నరాల డాక్టరు దగ్గరికెళ్తే ఆవిడ అడిగిన మొదటి మాట, ఇంట్లో ఈయన వేసుకునే మాత్రలన్నీ తెచ్చారా అని. అదృష్టం కొద్దీ సంచి నా చేతిలోనే ఉంది, బల్ల మీద బోర్లించాను. ఒక్కో స్ట్రిప్పు తిప్పి చూస్తూ గ్యాస్ మాత్ర దగ్గర ఆగారు, వెనకాల చిన్న అక్షరాల్లో లెవోసల్పిరైడ్ అని ఉంది, ఈ వణుకు తెచ్చింది ఆ మందే కావొచ్చన్నారు. గ్యాస్ పట్టీసినప్పుడల్లా చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కుని రెండేళ్లు వాడేశారు, అందులో ఆ మందు కలుస్తాదని మాకేటి తెలుసు. ఆవిడ అది ఆపించి, పార్కిన్సన్స్ మాత్రలు తన లెక్క ప్రకారం మెల్లమెల్లగా తగ్గించారు, నాలుగైదు నెలలకి వణుకు సద్దుమణిగింది. పాస్‌బుక్ మీద పాత సంతకం పెట్టి నాకు చూపించిన రోజు ఇద్దరం ఏడ్చీసాం.

తల తిరుగుడుకిచ్చే సినారిజిన్, తలనొప్పికి వాడే ఫ్లూనరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వైద్యం మందులు, ఇవి కూడా అచ్చం పార్కిన్సన్స్ లాగే చేతులు వణికించి ఒళ్లు బిగదీయగలవు. మీ నాన్నకి ఏడాదిలో తల తిరుగుడుకి ఏమైనా వాడారా, మీ అమ్మని అడుగు. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి. ఇంకొకటుంది, వంశంలో వచ్చే వణుకు, అది ఊరికే కూర్చున్నప్పుడు కాదు గ్లాసు పట్టుకున్నప్పుడు ఎక్కువ కనిపిస్తాది. మీ తాతకి చేతులు వణికేవని నాకు లీలగా గుర్తుంది, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పు.

కానీ అందరికీ మీ పెదనాన్నలాగే అవుద్దని చెప్పి నీకు లేని ఆశ పెట్టను. మందు ఆపినా తగ్గనివాళ్లూ ఉంటారు. మన బొబ్బిలి మావయ్యకి రెండో డాక్టరు కూడా పార్కిన్సన్సే అన్నారు. అయినా ఆయన అక్కడికి వెళ్లడం వృథా కాలేదు, పార్కిన్సన్స్‌కిచ్చే లెవోడోపా మాత్ర పప్పన్నంతో కలిపి వేసుకుంటున్నాడని అక్కడే తెలిసింది, భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నారు, డోసు మార్చారు, మళ్లీ తనంతట తను సంతకెళ్తున్నాడు. అందుకే ఏ మాట వచ్చినా వినడానికి సిద్ధపడే వెళ్లండి, మనకిష్టమైన మాట చెప్పేదాకా నలుగురి చుట్టూ తిప్పకు, ముసలాయన అలిసిపోతాడు.

ఈలోగా ఉన్న మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపొద్దురా. పార్కిన్సన్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపీస్తే ఒళ్లు బిగుసుకుపోయి జ్వరమొచ్చి ప్రాణం మీదకి రావొచ్చు. అలాగే మూతి వంకర పోయినా, ఒకపక్క చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది వేరే సంగతి, పక్షవాతం కావొచ్చు, అప్పుడు రెండో మాట కోసం చూడకు, 108కి ఫోన్ చేసి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి బేగి తీసుకెళ్లిపో, గంటలు కాదు నిమిషాలు లెక్క.

సెల్‌ఫోన్లో వీడియోలు తీయి, ఊరికే కూర్చున్నప్పుడు, నీళ్లు తాగుతున్నప్పుడు, నడిచి వెనక్కి తిరుగుతున్నప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు. డాక్టరు ముందు వణుకు ఒక్కోసారి దాక్కుంటాది. తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాయించు, పాత ఉత్తరం ఉంటే అది కూడా పట్టుకెళ్లు, అక్షరం చిన్నదైందో లేదో తెలుస్తాది. ఎమ్మారై రిపోర్టొక్కటే చాలదు, స్కాన్ బొమ్మలున్న సీడీ అడిగి తీసుకో. మనది కవిటి, ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువని నీకు చెప్పక్కర్లేదు, మళ్లీ ఎమ్మారైకి డై (నరానికి ఎక్కించే మందు) ఎక్కించాలంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ముందే చూపించు. డాక్టర్ని మర్యాదగా అడుగు, ఏం చూసి ఈ పేరు పెట్టారండీ, ఇంకోటి అవ్వడానికి వీలుందా, మందు పనిచేస్తుందో లేదో ఎన్నాళ్లకి తెలుస్తుందీ అని. మంచి డాక్టరైతే కోప్పడరు.

సోంపేటలో రైలెక్కితే వైజాగ్ వెళ్లిపోవచ్చు, అక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ ఉంది, అక్కడా తేలకపోతే హైదరాబాద్ నిమ్స్, బెంగుళూరు నిమ్హాన్స్ చూద్దాం, తోడు నేనొస్తాను. ఈ శనివారం కవిటి వచ్చి సంచి నేనే సర్దుతాను, అప్పటిదాకా ఖాళీ స్ట్రిప్పులు కూడా పారేయొద్దని మీ అమ్మకి చెప్పు, ఆవిడ బీపీ మాత్రలు మాత్రం అందులో కలిపీకండి.