సొంత టెక్స్ట్ ఎడిటర్‌కు డెబ్ ప్యాకేజీ: ఎక్కడ చెడుతుంది, ఎందుకు

మీ ప్రశ్న ఇది: సీ భాషలో, జీటీకే 4 (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ)తో రాసిన ఎడిటర్‌ను ఉబుంటు 24.04లో డెబ్ ప్యాకేజీగా (ఉబుంటు, డెబియన్‌లలో ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా) కట్టారు. మీ దగ్గర బాగానే నడుస్తోంది, మీ స్నేహితుడి 22.04లో ఇన్‌స్టాల్ కావడం లేదు. పైగా దాన్నే సిస్టమ్ ఎడిటర్‌గా పెట్టాక, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం)లో కమిట్ చేయబోతే సందేశం ఖాళీ అని ఆగిపోతోంది. ఈ రెండింటికీ సంబంధం లేదు, విడివిడిగా చూద్దాం.

ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్లో డిపెండ్స్ (కావాల్సిన ఇతర ప్యాకేజీల జాబితా) దగ్గర పెట్టే షల్లిబ్స్ వేరియబుల్, మీరు బిల్డ్ చేసిన మెషీన్‌లోని లైబ్రరీలను చూసి వెర్షన్లు రాసేస్తుంది. 24.04లో గ్లిబ్‌సీ (సీ ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ) 2.39, 22.04లో 2.35. దానికి తోడు 2038 సమస్య (32 బిట్ సమయ లెక్క ఆ ఏడాది పొంగిపోవడం) కోసం చేసిన మార్పులో చాలా లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేరింది. జీటీకే ఆధారపడే జీలిబ్ అందులో ఒకటి. ఆ పేరుతో 22.04లో ప్యాకేజీయే లేదు. ఆ పేర్లను చేత్తో చెరిపేసి పంపమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఇన్‌స్టాల్ అయితే అవుతుంది, కానీ తెరవగానే సింబల్ (లైబ్రరీలోని ఫంక్షన్ పేరు) దొరకలేదంటూ పడిపోవచ్చు.

చేయాల్సింది ఒకటే. ఏయే విడుదలలకు ఇవ్వాలనుకుంటున్నారో వాటిలో అన్నిటికంటే పాతదాంట్లో బిల్డ్ చేయాలి. అందుకోసం పాత సిస్టమ్ వేసుకోనక్కర్లేదు, ఎస్‌బిల్డ్ గానీ పీబిల్డర్ గానీ 22.04 క్రూట్ (మీ సిస్టమ్‌లోనే వేరుగా ఉండే చిన్న సిస్టమ్) తయారుచేసి అందులో కడతాయి. అలా కట్టింది మామూలు 64 బిట్ పీసీల్లో 24.04లోనూ ఎక్కుతుంది, ఎందుకంటే కొత్త టీ64 ప్యాకేజీ పాత పేరును కూడా ప్రొవైడ్స్ (తాను ఏ పేర్లకు బదులు పనికొస్తుందో చెప్పే జాబితా) కింద చెప్పుకుంటుంది. క్రూట్ కనీస ప్యాకేజీలతోనే మొదలవుతుంది కాబట్టి బిల్డ్-డిపెండ్స్ (కట్టడానికి కావాల్సిన ప్యాకేజీల జాబితా)లో మీరు రాయడం మరిచినవీ అక్కడే బయటపడతాయి.

ఇదే పైథాన్‌లో రాసిన ఎడిటరైతే, సోర్స్‌వ్యూ (కోడ్‌కు రంగులద్దే భాగం) లాంటి వాటి టైప్‌లిబ్ (పైథాన్ నుంచి లైబ్రరీని పిలిచేందుకు కావాల్సిన వివరాల) ప్యాకేజీలను పైథాన్ డిపెండ్స్ వేరియబుల్ పట్టుకోదు. వాటిని మీరే రాయాలి.

ఇక గిట్ సంగతి. ఎడిటర్ ప్రాసెస్ ముగిసేదాకా గిట్ ఆగుతుంది, ముగిశాక ఫైలు చదువుకుంటుంది. జీటీకే అప్లికేషన్ మామూలుగా ఒక్కటే ఇన్‌స్టెన్స్‌గా నడుస్తుంది. మీ ఎడిటర్ విండో అప్పటికే తెరిచి ఉంటే, రెండోసారి పిలిచిన ప్రాసెస్ ఫైలును మొదటిదానికి అప్పగించి వెంటనే వెళ్లిపోతుంది. మీరు ఒక్క అక్షరం టైప్ చేయకముందే పని అయిపోయిందని గిట్ అనుకుంటుంది. క్రాన్‌టాబ్ (వేళకు నడిచే పనుల జాబితా) ఎడిట్ చేసినా ఇదే గొడవ. జీఈడిట్ అనే ఎడిటర్‌లో వెయిట్, స్టాండలోన్ అనే ఆప్షన్లు ఉన్నది ఇందుకే. మీరూ నాన్-యూనిక్ ఫ్లాగ్‌తో (ప్రతిసారీ వేరే ప్రాసెస్‌గా) నడిచే స్టాండలోన్ ఆప్షన్ ఒకటి పెట్టి, గిట్ కోర్-ఎడిటర్ సెట్టింగులో దానితో కలిపి ఇవ్వమని రీడ్‌మీలో రాయండి.

డెబియన్ ఆల్టర్నేటివ్స్ (ఒకే పని చేసే ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఎంచే ఏర్పాటు)లోని ఎడిటర్ లింకులో మాత్రం గ్రాఫికల్ ఎడిటర్‌ను నమోదు చేయకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. సుడో అనుమతుల ఫైలును మార్చే విసుడో ఆ లింకునే, అదీ రూట్‌గా పిలుస్తుంది. దూరపు మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌లో మామూలుగా డిస్‌ప్లేయే ఉండదు. టెర్మినల్ ఎడిటర్ అయితే నమోదు చేయాలి, మాన్ పేజీ లింకుతో సహా. ప్రయారిటీ నానోది 40, విమ్-బేసిక్‌ది 30. మీది 40కి లోపే ఉంచండి, లేకపోతే ఆటో మోడ్‌లో ఉన్నవారి ఎడిటర్ అడగకుండానే మారిపోతుంది. ప్యాకేజీ తీసేముందు నడిచే ప్రీఆర్ఎం స్క్రిప్టులో తొలగింపు కమాండ్ రిమూవ్ సమయంలోనే నడవాలి. అప్‌గ్రేడ్‌లోనూ నడిపితే, చేత్తో మీ ఎడిటర్‌ను ఎంచుకున్నవారి ఎంపిక ప్రతి అప్‌డేట్‌కూ పోతుంది.

"ఓపెన్ విత్" జాబితాలో రావడానికి డెస్క్‌టాప్ ఫైల్లో మైమ్‌టైప్ టెక్స్ట్/ప్లెయిన్ ఉండాలి, ఎగ్జెక్ లైన్ చివర పర్సెంట్ యూ (%U, తెరవాల్సిన ఫైళ్ల పేర్లు వచ్చే చోటు) ఉండాలి. అది లేకపోతే ఫైళ్లు ఎడిటర్‌కు సరిగా అందకపోవచ్చు. డెస్క్‌టాప్ ఫైలు పేరు అప్లికేషన్ ఐడీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, తేడా ఉంటే వేలాండ్ (ఉబుంటు వాడే డిస్‌ప్లే వ్యవస్థ)లో మీ ఐకాన్ బదులు ఏదో సాదా ఐకాన్ వస్తుంది. డిఫాల్ట్ ఎడిటర్‌గా మార్చే కమాండ్‌ను పోస్ట్ఇన్‌స్ట్ (ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్టు)లో పెట్టకండి, అది రూట్ హోమ్‌ను మాత్రమే మారుస్తుంది. జీసెట్టింగ్స్ స్కీమా (ఎడిటర్ సెట్టింగుల వివరాలుండే) ఫైలును ప్యాకేజీలో పెట్టండి, కంపైల్ అయిన ఫైలును వద్దు. అది ఇన్‌స్టాల్ సమయంలో ట్రిగ్గర్ ద్వారా దానంతటదే తయారవుతుంది. దాన్నీ ప్యాక్ చేస్తే డీపీకేజీ (ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాము) ఓవర్‌రైట్ ఎర్రర్ ఇవ్వవచ్చు.

తెలుగు రాసేవారి కోసం ఫాంట్స్-తెలు ప్యాకేజీని డిపెండ్స్‌లో కాకుండా సజెస్ట్స్‌లో చేర్చండి. డెస్క్‌టాప్ ఫైల్లో తెలుగు పేరు కూడా ఇస్తే మెనూలో తెలుగులోనే కనిపిస్తుంది.

విడుదలకు ముందు లింటియన్ (ప్యాకేజీలో తప్పులు వెతికే సాధనం) నడిపి, కొత్త వర్చువల్ మెషీన్‌లో ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్, పర్జ్ (సెట్టింగులతో సహా తీసేయడం) వరసగా చేసి చూడండి. ఎడిటర్ విండో ముందే తెరిచి ఉంచి గిట్ కమిట్ చేసే పరీక్షను అందులో తప్పక చేర్చండి. విండో మూసి ఉంటే ఈ లోపం కనబడదు.