బోసా నోవాలో జాజ్, రాక్ కలిపేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ బ్యాండ్‌లో బోసా నోవాకి, అంటే సాంబా లయ నుంచి పుట్టిన బ్రెజిల్ సంగీతానికి, జాజ్, రాక్ కలపాలని ఉందన్నావు. కలుపు నాయనా, బొటనవేలిని మాత్రం చెడగొట్టుకోకు. బోసా గాయకుడు, గిటారిస్టు జువావ్ జిల్బెర్టో గిటార్‌లో సాంబా పెద్ద డోలు సుర్దూ పని బొటనవేలిది, తాంబొరిమ్ అనే చిన్న డప్పు విరుపులు మిగతా వేళ్లవి. 4/4లో, అంటే బార్‌కి నాలుగు దెబ్బలుగా లెక్కపెడితే బొటనవేలు 1, 3 మీద కదలకుండా పడాలి. వేళ్లు విరిచినప్పుడల్లా అదీ వాటి వెంట పరుగెత్తిందా, నిమిషానికి 80 దెబ్బలకు దించి సాధన చెయ్యి. అది కుదిరాకే గొంతు కలుపు.

జాజ్ వైపు నుంచి కార్డ్‌లు తీసుకో, స్వింగ్, అంటే అర దెబ్బల్ని ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా ఊపడం, వద్దు. ఇక్కడ అర దెబ్బలన్నీ సమానం. సోలో వాయించేవాళ్లు కాస్త వెనకబడినా అందమే. గిటార్, డ్రమ్స్‌లోని జంట తాళాలు హై-హ్యాట్ అలా ఊగితే బోసా పోతుంది. 1964లో వచ్చిన గెట్జ్-జిల్బెర్టో ఆల్బంలో ఆ తేడా శ్రద్ధగా విను.

ఇక కార్డ్‌లు (తీగల లెక్క సన్నదాని నుంచి). డి మైనర్ 9కి అయిదో తీగ 5వ ఫ్రెట్ (మెట్టు), నాలుగో తీగ 3, మూడో తీగ 5, రెండో తీగ 5. తర్వాత జి 13: ఆరో తీగ 3, నాలుగో తీగ 3, మూడో తీగ 4, రెండో తీగ 5. ఆపైన సి మేజర్ 9: వరసగా అయిదో తీగ నుంచి 3, 2, 4, 3. నైలాన్ తీగల మీద ఇవి హాయిగా ఉంటాయి. ఇవే ఎలక్ట్రిక్ గిటార్ నాదాన్ని గరుకు చేసే డిస్టార్షన్‌లో పెడితే ముద్దైపోతాయి, ఎందుకంటే అక్కడ స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని కొత్త మోతలు పుట్టిస్తాయి. అందుకని ఎలక్ట్రిక్ గిటార్‌కి మూడు, నాలుగు తీగలే ఇవ్వు. డి మైనర్‌లో ఆ రెండూ ఎఫ్, సి, అంటే రాక్‌వాళ్ల రెండు స్వరాల పవర్ కార్డే. జికి సి ఒక్కటీ బి అవుతుంది, గరగరమంటుంది. సి మేజర్‌కి ఎఫ్ దిగి ఇ అవగానే మళ్లీ తేటపడుతుంది. ఆ గరుకు, ఆ విడుపు రెండూ మీకు కావాల్సినవే.

డ్రమ్మర్‌తో గట్టిగా చెప్పు: రాక్‌లోలా ప్రతి 2, 4 మీద స్నేర్ డ్రమ్ బాదకూడదు. స్నేర్ అంచు మీద కొట్టే రిమ్ దెబ్బలు మొదటి బార్‌లో 1, రెండున్నర, 4. రెండో బార్‌లో 2, మూడున్నర. పల్లవిలో రాక్ ఊపు కావాలంటే మొదటి బార్ 4, రెండో బార్ 2 మాత్రం నిండు స్నేర్ కొట్టమను. అవి ఎలాగూ రాక్ దెబ్బ పడే చోట్లే, కాబట్టి అల్లిక తెగదు.

బాస్ గిటార్ ఉంటే నీ గిటార్‌లో సుమారు 120 హెర్ట్జ్ కింద తగ్గించు. లేకపోతే బొటనవేలూ బాసూ కలిసి గుంయ్‌మంటాయి.