అందరూ ఏఐ అంటుంటే మావాడు సిస్టమ్ కాల్స్ అంటున్నాడు

ప్రశ్న: మావాడు బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. మా బావమరిది కొడుకు అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేరాడు. వీడేమో లైనక్స్‌లో సొంతంగా షెల్ రాస్తానని, ప్రాసెస్ గ్రూపులని, గెట్‌పీజీఐడీ అని రాత్రిళ్లు కూర్చుంటున్నాడు. రెండిట్లో దేనికి ఉద్యోగాలున్నాయి? కోర్సులో చేర్పించమంటారా? (నరసరావుపేట నుంచి ఒక తండ్రి)

జవాబు: ఈ ప్రశ్న నాకు పేరు మార్చుకుని వస్తూనే ఉంటుందండీ, ఒకప్పుడు జావా, తర్వాత బిగ్ డేటా, ఇప్పుడు ఏఐ. లోపలి భయం మాత్రం ఒకటే, పిల్లాడు వెనకబడిపోతాడేమోనని. ముందు ఆ టెన్షన్ తీసేయండి, మీవాడు వెనకబడలేదు.

వాడు చేస్తున్నదేమిటో చెబుతాను. షెల్ అంటే మనం కొట్టిన కమాండ్లు తీసుకుని నడిపించే ప్రోగ్రామ్, నడుస్తున్న ప్రోగ్రామ్‌నే ప్రాసెస్ అంటారు. టెర్మినల్‌లో రెండు మూడు కమాండ్లు పైపుతో కలిపి నడిపితే షెల్ వాటిని ఒక గ్రూపులో పెడుతుంది. కంట్రోల్ సి నొక్కితే ఆ గ్రూపు మొత్తానికీ సిగ్నల్ వెళ్తుంది, షెల్ వేరే గ్రూపులో ఉంది కాబట్టి బతికిపోతుంది. ఏ ప్రాసెస్ ఏ గ్రూపుదో కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని, అడిగే సిస్టమ్ కాలే గెట్‌పీజీఐడీ. పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇస్తే గ్రూపు నంబరు చెబుతుంది, సున్నా ఇస్తే అడిగిన ప్రాసెస్ సొంత గ్రూపు చెబుతుంది, అలాంటి ప్రాసెసే లేకపోతే మైనస్ ఒకటి. వినడానికి ఇంతే. కానీ ఫోర్క్ (ఒక ప్రాసెస్ తనలాంటి మరో ప్రాసెస్‌ని పుట్టించడం) తర్వాత పేరెంట్ ముందు నడుస్తుందో చైల్డ్ ముందు నడుస్తుందో తెలియదు కాబట్టి గ్రూపు నంబరు పెట్టే సెట్‌పీజీఐడీని రెండు వైపులా పిలవాలని తంటాలు పడి తెలుసుకున్న పిల్లాడు, ఇంటర్వ్యూలో రేస్ కండిషన్ (ఏది ముందు నడిచిందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం) గురించి అడిగితే బట్టీ పట్టిన నిర్వచనం వెతుక్కోడు.

ఏఐ మీద నాకు అనుమానం లేదు. ఆరు నెలల్లో ఏఐ ఇంజనీర్‌ని చేస్తామనే కోర్సుల మీద చాలా ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ముట్టుకోకుండా ఎవరో రాసిపెట్టిన కోడ్ నోట్‌బుక్కులు రన్ చేయించి, బ్యాచ్ మొత్తం రెజ్యూమెల్లో అవే ప్రాజెక్టులు పెట్టించి పంపేస్తారు. అసలు మోడల్ ట్రైనింగ్ నడిచేది కూడా ఎక్కువగా లైనక్స్ మీదే కదా. మెయిన్ స్క్రిప్టుని కిల్ చేసినా ఒక్కోసారి వర్కర్ ప్రాసెస్‌లు మిగిలిపోయి జీపీయూ మెమరీ పట్టుకుని కూర్చుంటాయి, అప్పుడు గ్రూపు నంబరు కనుక్కుని, కిల్ కమాండ్‌కి మైనస్ గుర్తుతో ఇచ్చి అన్నిటినీ ఒకేసారి ఆపగలిగినవాడు టీమ్‌కి కావాలి.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. బావమరిది కొడుకు చేరాడన్నది మీవాడి చదువుకి కారణం ఎలా అవుతుంది? రాత్రి కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నావు, చూపించు నాన్నా అని ఒక్కసారైనా అడిగారా? ఇంత ఇష్టంగా ఒక విషయం లోతుకి వెళ్లే పిల్లలు తక్కువమందండీ, వాణ్ణి ఇంట్లోనే నీరుగార్చకండి.

సిస్టమ్స్ (ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి లోపలి సాఫ్ట్‌వేర్) ఉద్యోగాలు వెబ్ డెవలప్‌మెంట్ అంత విరివిగా ఉండవు, అది నిజం. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా లాంటి వాటికి హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి, కానీ క్యాంపస్ డ్రైవ్‌లలో ముందు అడిగేది డేటా స్ట్రక్చర్సే, కాబట్టి అవి రోజూ చేయాల్సిందే. గేట్ ఆలోచన ఉంటే సీఎస్ పేపర్ తీసుకోమనండి, 2024లో వచ్చిన డీఏ (డేటా సైన్స్, ఏఐ) పేపర్ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ లేదు.

షెల్ పూర్తిచేసి గిట్‌హబ్‌లో పెట్టమనండి. తర్వాత ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 తీసుకోమనండి, అందులో ప్రాసెస్ గ్రూపులే లేవు, గెట్‌పీజీఐడీ, సెట్‌పీజీఐడీ రెండూ తనే రాసి చేరిస్తే అంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంది? కోర్సు ఫీజు కట్టకుండా అందులో కొంత పెట్టి వాడి ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించండి.